తమ్ముడి జబ్బేమిటో తేలడం లేదు, బెంగళూరులోని మెదడు-నరాల ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్‌కి మార్చాలంటే ఎలా?
మాది మదనపల్లె, ఉంటున్నది బెంగళూరు మారతహళ్లిలో. మా తమ్ముడికి 24 ఏళ్లు. రెండు నెలలుగా జ్వరం వచ్చి పోతోంది, ఇప్పుడు ఫిట్స్ కూడా. మొన్న చేతిలో చెంబు పట్టుకుని "దీన్నేమంటారక్కా?" అని అడిగాడు.

ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఎంఆర్ఐ తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. 6 లక్షలు అయ్యాయి, అమ్మ గాజులతో సహా. ఇన్నాళ్లకి ఆటోఇమ్యూన్ ఎన్సెఫలైటిస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు మీద దాడి చేసే జబ్బు) అని అనుమానం, ఐవీఐజీ (నరంలోకి ఇచ్చే యాంటీబాడీల మందు) ఎక్కించాలట. ఆ ధర వింటేనే టెన్షన్.

హోసూరు రోడ్డు నిమ్హాన్స్‌లో రిఫరల్ లేకుండా నేరుగా వెళ్తే చూస్తారా? ఆంధ్రా రేషన్ కార్డుకి అక్కడ రాయితీ ఇస్తారా? మన ముఖ్యమంత్రి సహాయ నిధికి బెంగళూరు బిల్లులు పెట్టినవాళ్లు ఉంటే చెప్పండి, ఒరిజినల్సే అడిగారా? ఇక్కడివాళ్లు మాకు జిరాక్సులే ఇస్తున్నారు.