పలమనేరు దగ్గరి జంట నిలువురాళ్లను చూడబోయే ముందు

ప్రశ్న: తిరుపతి నుండి పలమనేరు వైపు బంధువుల ఊరికి వెళ్లినప్పుడు, ఒక చేనిలో మనిషికంటే ఎత్తుగా పక్కపక్కనే నిలిచిన రెండు రాతిపలకలను దూరం నుండి చూశాను. ఊరివారు వాటిని పాండవగుళ్లంటున్నారు. సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు చూపించాలని ఉంది. అవి ప్రాచీనమైనవేనా అన్నది ఎలా తెలుస్తుందో, ఏ జాగ్రత్తలు అవసరమో చెప్పగలరు.

జవాబు: ఆ పేరే మంచి ఆనవాలండి. పెద్ద పలకలను గదిలా నిలిపి, పైన మరొక పలక కప్పిన ఇనుపయుగపు సమాధులను మన వైపు జనం పాండవగుళ్లనే పిలుస్తారు. పలమనేరు ప్రాంతంలోని ఇర్లబండ ఇందుకు పేరుపొందింది. అక్కడ సమాధి గది చుట్టూ, పై అంచు గుండ్రంగా మలచిన పలకలను నిలిపారు. కాబట్టి మీరు చూసినవి మొదటి నుండీ జంటగానే ఉన్నాయని అనుకోకండి. పొలం చదునుచేసినప్పుడు తక్కినవి పోగా మిగిలినవి కావచ్చు. రాళ్ల దగ్గరే ఆగిపోకుండా చుట్టూ నెమ్మదిగా నడిచి, నేలలో సగం పూడిన పలకల అంచులు వంపు తిరిగి ఉన్నాయేమో, నలుపు ఎరుపు రంగులు కలిసిన కుండపెంకులు కనిపిస్తాయేమో చూడండి. పెంకులను మాత్రం ఉన్నచోటనే వదిలేయండి.

రాతి మీద ఆయుధం పట్టిన వీరుడి బొమ్మో, అక్షరాలో ఉంటే అది వీరగల్లు, అంటే పోరులో మరణించిన వీరుడి జ్ఞాపకార్థం నిలిపిన రాయి, కావచ్చు. పుంగనూరు వైపు 9, 10 శతాబ్దాల నాటివి చాలానే ఉన్నాయి. అదీ చూడదగినదే, కాని ఇనుపయుగపు సమాధుల కంటే చాలా తరువాతిది. ఉదయపు ఏటవాలు ఎండలో గీతలు బాగా కనిపిస్తాయి. అక్షరాలు తేలాలని సున్నమో పసుపో పూయడం రాతికి హాని.

ప్రశ్న: ధన్యవాదాలండి. చేను ఎవరిదో తెలియదు. పైగా మా బావగారు పలక కింద కొంచెం తవ్వి చూద్దామంటున్నారు.

జవాబు: దయచేసి తవ్వనివ్వకండి. గుప్తనిధుల ఆశతో ఇటువంటి సమాధులను ఎన్నో చోట్ల పగలగొట్టారు. వాటిలో సాధారణంగా ఉండేవి ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు. పాతిపెట్టిన పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. చేను ఎవరిదో మీ బంధువులనే అడిగి, ఆ రైతును ముందుగా కలిసి, పైరు ఉంటే గట్టు మీదుగానే వెళ్లండి. కౌండిన్య అడవి దగ్గరైతే ఏనుగులు పొలాల్లోకి వస్తుంటాయి కనుక, పొద్దు వాలకముందే పిల్లలతో ఊళ్లోకి తిరిగి చేరుకోండి.