జీడిపప్పు ఆర్డర్లకు ఐదు ఏఐ ఏజెంట్లా? ఒకటి చాలదా?

ఏడురోడ్ల జంక్షన్:
మా మావయ్యది పలాసలో జీడిపప్పు వ్యాపారం. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు చూసుకోవడానికి ఒకతను ఐదు ఏఐ ఏజెంట్లు పెట్టి ఇచ్చాడు. ఒకటి మెసేజ్ చదువుతుంది, ఒకటి స్టాకు చూస్తుంది, ఒకటి రేటు కడుతుంది, ఒకటి బిల్లు కొడుతుంది, ఐదోది ఇవన్నీ సరిచూస్తుంది. పోయిన నెల బరంపురం పార్టీ రెండు డబ్బాలు, అంటే 20 కిలోలు అడిగితే, మూడు బిల్లులు పడి 60 కిలోలు లారీ ఎక్కేశాయి. ఇంత చిన్న పనికి ఐదు పెట్టడమే తప్పని నేనంటాను. మీరేమంటారు?

నెల్లిమర్ల కుర్రోడు:
బిల్లు మూడుసార్లు పడటానికి, ఎన్ని ఏజెంట్లున్నాయన్నదానికి సంబంధం లేదు గురూ. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ జవాబివ్వడం లేటై ఉంటుంది. పని కాలేదనుకుని ఏజెంట్ మళ్ళీ కొట్టింది, ఇంకోసారి కొట్టింది. మొదటి బిల్లు అప్పటికే పడిపోయిందని దానికెలా తెలుస్తుంది? ఒక్కటే ఉన్నా ఇదే జరిగేది. ఒక్కో ఆర్డరుకు ఒక నంబరు ఇచ్చి, అదే నంబరు రెండోసారి వస్తే కొత్త బిల్లు కొట్టకుండా పాతదే చూపించాలి. ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చో హద్దు పెట్టాలి. ఇవి మామూలు ప్రోగ్రాంలో రాయాల్సినవి. ప్రాంప్టులో, అంటే ఏజెంట్‌కి మాటల్లో రాసిచ్చే సూచనల్లో, ‘జాగ్రత్తగా ఉండు’ అని రాస్తే పని జరగదు. ఏ ఏజెంట్ ఎప్పుడేం చేసిందో లాగ్ ఉంటే పెట్టు, చూద్దాం.

కోట దగ్గర టీ:
మా షాపులో గుమస్తా ఒక్కడే మూడు బిల్లులు కొట్టేస్తాడు, ఏ ఏజెంటూ లేకుండానే.

ఏడురోడ్ల జంక్షన్:
లాగ్ ఏదీ పెట్టలేదట, అడిగాను. సరే, ఐదెందుకు అన్నదానికి మాత్రం జవాబు రాలేదు. ఒక్కోటి వందకి 95 సార్లు కరెక్టుగా చేస్తుందనుకో. ఐదు చేతులు మారేసరికి ఆ 95 కాస్తా 77 అవుతుంది. అయినా స్టాకు చూడటానికి, రేటు కట్టడానికి ఏఐ ఏంటసలు? ఎక్సెల్ షీట్ చేసే పని.

నెల్లిమర్ల కుర్రోడు:
రేటుకి ఏఐ అక్కర్లేదన్నది ఒప్పుకుంటా. కానీ మధ్యలో ఎవరూ తప్పు పట్టుకోకపోతేనే ఆ 77. ఐదోది ఉన్నదే అందుకు. నువ్వు ఐదు, ఐదు అని దాన్నే పట్టుకు వేలాడుతున్నావు.

బొబ్బిలి రోడ్డు:
ఐదోది ఏం పట్టుకుంటుందో నేను చెప్తా. మా అన్నయ్యదీ జీడిపప్పే, ఆయన దగ్గరా ఇలాంటిదే ఉంది. ఒకరోజు ‘240 ఎప్పట్లాగే పంపండి’ అని మెసేజ్ వచ్చింది. ఈ వ్యాపారంలో 240 అంటే సైజు, పౌనుకు 220 నుంచి 240 గుళ్ళు తూగే రకం. చదివే ఏజెంట్ దాన్ని 240 కిలోలు అనుకుంది. సరిచూసే ఏజెంట్‌కి అసలు మెసేజ్ ఇవ్వలేదు, మొదటిది రాసిన సారాంశమే ఇచ్చారు. సారాంశంలో 240 కిలోలు, బిల్లులోనూ 240 కిలోలు. రెండూ కలిశాయి కదా అని ఓకే కొట్టేసింది.

ఆమదాలవలస ప్యాసింజర్:
పంపేశారా??

బొబ్బిలి రోడ్డు:
గోడౌన్‌లో అంత సరుకు లేక బతికిపోయారు.

ఏడురోడ్ల జంక్షన్:
చూశారా! డబ్బు గుంజడానికి పెట్టేవే ఇవన్నీ. మా మావయ్య దగ్గర ఏజెంటుకింత అని లెక్క కట్టి మరీ తీసుకున్నాడు.

నెల్లిమర్ల కుర్రోడు:
గుంజడమా? నోరు జాగ్రత్త బాబూ. నేను విజయనగరంలో ఒక బట్టల షాపుకి చేసి పెట్టాను. బిల్లు పడేముందు వివరం ఓనరు ఫోన్‌కి వెళ్ళాలి, ఆయన ‘సరే’ నొక్కితేనే కదలాలి. నాలుగు రోజులు నొక్కాడు. ఐదో రోజు ‘రోజంతా నేనే నొక్కుతూ కూచుంటే నీ మెషినెందుకు’ అని ఆ బటన్ తీయించేశాడు. తర్వాత తప్పు పడింది, నాకు రావలసిన సగం డబ్బు ఆపేశాడు. ఇప్పటికీ ఇవ్వలేదు. నిజం చెప్పు, మీ మావయ్య దగ్గర ఆ బటన్ ఉందా, లేదా?

ఏడురోడ్ల జంక్షన్:
ఉండేది. పెళ్ళిళ్ళ సీజన్‌లో తీయించాడు. రోజుకి యాభై, అరవై మెసేజ్‌లు వస్తే ఏం నొక్కుతాడు? మనిషి చూడక్కర్లేదనే కదా అమ్మారు. నష్టం అమ్మినవాడే పెట్టుకోవాలి.

నెల్లిమర్ల కుర్రోడు:
మరి ఇంతసేపూ ఐదు, ఒకటి అని తిప్పావేటి? బటన్ తీయమన్నది ఆయన, నష్టం మాది! ఈ ముక్క మొదటి పోస్టులోనే రాయాల్సింది.

బొబ్బిలి రోడ్డు:
సరుకు కొన్నవాడి లెక్కలో బాధ్యత మీ ఇద్దరిదీ కాదు, షాపుదే. కెనడాలో ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. దాని మాటలకు మా బాధ్యత లేదన్న వాదన 2024లో అక్కడి ట్రైబ్యునల్ ముందు చెల్లలేదు. సుమారు 812 డాలర్లు కట్టమన్నారు. షాపుకీ చేసినవాడికీ మధ్య ఎవరెంత అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి.

నెల్లిమర్ల కుర్రోడు:
కాగితం అడిగితే ‘నామీద నమ్మకం లేదా’ అంటారు. అడిగి చూడు ఒకసారి.

ఆమదాలవలస ప్యాసింజర్:
ఇంతకీ ఆ 40 కిలోలు తిరిగొచ్చాయా?

ఏడురోడ్ల జంక్షన్:
రాలేదు. బరంపురం ఆయన ఉంచేసుకున్నాడు, ఇప్పుడు తన రేటు తాను చెబుతున్నాడు. బటన్ మాత్రం మళ్ళీ పెట్టించాం. రెండు డబ్బాలు దాటితే మావయ్యని అడుగుతుంది, అంతకు లోపువి దాని పాటికి అదే కొట్టేస్తుంది.

కోట దగ్గర టీ:
పోయిన ఆర్డరు రెండు డబ్బాలదేగా?