ఇంట్లో గాజు టార్చ్ పనికి బల్ల, పొగ లాగే హుడ్ ఎలా కట్టించాలి?

నమస్తే అండి, మాది మిర్యాలగూడ. ఇంటి వెనక రేకుల గదిలో ఎల్‌పీజీ, ఆక్సిజన్ టార్చ్ మీద బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే గాజు) కడ్డీలు కరిగించి పూసలు, చిన్న చిన్న బొమ్మలు చేస్తాను. ఇప్పుడు బల్ల పక్కాగా కట్టించాలి.

అసలు టెన్షన్ గాలి గురించే. ఆ వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ తయారవుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌కైతే వాసన కూడా ఉండదు, మా పాప బడి నుంచి రాగానే వచ్చి నా పక్కనే నిలబడుతుంది, కాబట్టి కిటికీ తెరిచి ఫ్యాన్ పెడితే చాలనుకోలేను. పైగా ఫ్యాన్ గాలికి మంట వంకర పోతుంది. అందుకే బల్లకు మూడు వైపులా, పైన రేకు కొట్టించి ముందు మాత్రం 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు తెరిచి ఉంచుతాను. నిమిషానికి 100 అడుగుల వేగంతో గాలి లోపలికి పోవాలంటే 800 సీఎఫ్‌ఎం (నిమిషానికి 800 ఘనపుటడుగుల గాలి లాగే) బ్లోయర్ కావాలి, డక్ట్ (గాలి బయటికి పోయే గొట్టం) వంపుల్లో తగ్గేది వేరే. రైస్ మిల్లుల ఊరు కాబట్టి డక్టులు చేసేవాళ్లకు కొదవ లేదు. 8 అంగుళాలది సరిపోతుందా, 10 వేయించాలా?

బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి కదా, ఆ కిటికీ నా వీపు వెనక ఉండాలా, పక్కనా? సిలిండర్ బయటే పెడుతున్నా, ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి నేల మట్టంలో జాలీ కూడా పెట్టిస్తున్నా.

ఇంకోటి, బల్ల మీద తాండూరు బండ వేద్దామంటున్నాడు మేస్త్రీ. చవకే, కానీ ఎర్రగా కాలిన గాజు పడితే పెచ్చు లేస్తుందేమో. సిమెంట్ బోర్డు మేలా? వాడినవాళ్లు చెప్పండి.