పాలపుంతలు అని బహువచనంలో అనవచ్చునా?

కందుకూరు నుండి ఒక ఉపాధ్యాయిని:

మా తరగతి విద్యార్థి ఒకరు జవాబు పత్రంలో "విశ్వంలో కోట్లాది పాలపుంతలు ఉన్నాయి, మనం ఒక పాలపుంతలో ఉన్నాం" అని రాశారు. భావం సరిగానే ఉన్నా, మాట సరైనదేనా అన్న అనుమానంతో మార్కు వేయకుండా ఆపాను. తెలిసిన పెద్దలు చెప్పగలరు.

నెల్లూరు నుండి జవాబు:

అమ్మా, విద్యార్థికి విషయం తెలుసు కనుక మార్కు ఇవ్వండి, మాటను మాత్రం దిద్దండి. పాలపుంత అనేది మనం ఉన్న గెలాక్సీ, అంటే కోటానుకోట్ల నక్షత్రాల మహా గుంపు, ఒక్కదానికే చెల్లే పేరని నా అభిప్రాయం. అందుకు కారణం ఆ మాటలోనే ఉంది.

పుంత అంటే పొలాల నడుమ బండ్లు నడిచే బాట. గోదావరి జిల్లాల్లో ఈనాటికీ వాడుకలో ఉన్న మాట ఇది. మన వైపు అటువంటి దారిని డొంక అంటాం కనుక, మన పిల్లలకు పాలపుంతలోని రెండో సగం అర్థం తెలియని ముక్కగానే మిగిలిపోతున్నది. వారికి ఒకసారి "పాల డొంక" అని చెప్పి చూడండి, ఆకాశంలో దేని కోసం వెతకాలో వెంటనే తెలుస్తుంది. వేసవిలో అమావాస్య దరిదాపుల్లో, దీపాల వెలుగుకు దూరంగా మైపాడు తీరాన అర్ధరాత్రి దాటాక నిలబడితే, ఆగ్నేయం నుండి ఈశాన్యం దాకా సముద్రం మీద వంగినట్టున్న తెల్లని చార కనిపిస్తుంది. ఆ తెలుపు విడివిడిగా కంటికి ఆనని లెక్కలేనన్ని నక్షత్రాల వెలుగేనని గెలీలియో 1610లో తన దూరదర్శినితో చూసి ప్రకటించాడు.

అది బాటలాగా ఎందుకు కనిపిస్తుందన్నదే ఇక్కడ అసలు సంగతి. మన గెలాక్సీ బల్లపరుపుగా ఉండే పళ్లెం వంటిది. దాని వెడల్పు దాదాపు 1,00,000 కాంతి సంవత్సరాలు కాగా, నక్షత్రాలు దట్టంగా ఉన్న భాగపు మందం సుమారు 1,000 కాంతి సంవత్సరాలే. సూర్యుడు ఆ పళ్లెం లోపలే, కేంద్రానికి దాదాపు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాడు. మన తీరప్రాంతపు సరుగుడు తోపు నడుమ నిలబడి చుట్టూ చూస్తే మానులన్నీ కలిసిపోయి గోడ కట్టినట్టు కనిపిస్తాయి, తల పైకెత్తితే కొమ్మల సందుల్లో ఆకాశం కనిపిస్తుంది. మనం పళ్లెం అంచుల వైపు చూసినప్పుడు నక్షత్రాలు అలాగే ఒత్తుగా కలిసి చార అవుతాయి, పళ్లెం పైవైపుకో కిందివైపుకో చూసినప్పుడు పలచబడతాయి. అంటే పుంత అన్నది లోపల ఉన్నవారికి మాత్రమే కనిపించే రూపం. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా అనే వేరే గెలాక్సీ మన కంటికి చిన్న మసక మరకగా కనిపిస్తుందే తప్ప బాటగా కాదు. అక్కడి నుండి చూసేవారెవరైనా ఉంటే, వారికి మనదీ బాటగా కనిపించదు.

కాంతి సంవత్సరం అన్న మాటలో సంవత్సరం ఉన్నా అది కాలం కాదు, దూరం. కాంతి ఏడాదిలో సాగే దారి, దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. పిల్లలకు ఈ అంకె కంటె పోలిక మేలు. నెల్లూరులో సూర్యుడిని ఉంచి భూమిని ఒక మీటరు దూరాన పెడితే, నెప్ట్యూన్ 30 మీటర్ల దూరాన ఉంటుంది. సూర్యుడి తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా మాత్రం 268 కిలోమీటర్ల అవతల, అంటే రోడ్డు దారిన విజయవాడ దరిదాపుల్లో ఉంటుంది. అదే కొలతలో పాలపుంత వెడల్పు 63 లక్షల కిలోమీటర్లు, నిజమైన చంద్రుడు మనకున్న దూరానికి 16 రెట్లు.

కనిగిరి నుండి ఒక సభ్యులు:

మీ వివరణ బాగున్నది, కానీ ఒక ఆక్షేపణ ఉంది. గెలాక్సీ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం కూడా పాలే. ఒకప్పుడు ఈ ఒక్క చారకే పేరైనది తరువాత అన్నిటికీ పేరయింది. గ్రీకు మాటకు దక్కిన విస్తృతి తెలుగు మాటకు ఎందుకు దక్కకూడదు?

నెల్లూరు నుండి:

న్యాయమైన ప్రశ్న. ఆండ్రోమెడా మన గెలాక్సీలోని మేఘమా, వేరొక గెలాక్సీనా అన్న వాదం 1920ల దాకా తెగలేదు. 1923లో అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ హబుల్ అందులో సెఫీడ్ అనే, వెలుగు క్రమం తప్పక పెరుగుతూ తగ్గుతూ ఉండే రకం నక్షత్రాన్ని ఒకదాన్ని గుర్తించి, దాని వెలుగు హెచ్చుతగ్గుల కాలాన్ని బట్టి దూరం లెక్కకట్టిన తరువాతే అది బయటిదని రూఢి అయింది. ఒక్కటే అనుకున్నవి అనేకమని తేలినప్పుడు, ఇంగ్లీషువారు అన్నిటికీ గెలాక్సీ అన్నారు గాని, పాలదారి అనే అర్థం గల మిల్కీ వే అన్న తమ మాటను మనదానికే ఉంచుకున్నారు. వారికి రెండు మాటలు మిగిలాయి. మనం పాలపుంతను అందరికీ పంచితే మన ఇంటికి పేరు లేకుండా పోతుంది.

గెలాక్సీని నక్షత్రమండలం అందామంటే అది మరింత చిక్కు. సప్తర్షి మండలంలో మండలమంటే చుక్కల ఆకారం, ఆ ఏడు చుక్కలూ 125 కాంతి సంవత్సరాల లోపలివే, అవన్నీ పాలపుంతలోనివే. అందుకే గెలాక్సీని తెలుగు లిపిలో తెలుగు మాటగానే వాడుకోవడం మంచిదనుకుంటాను. మన గెలాక్సీ ఉన్న గెలాక్సీల మహాసమూహానికి 2014లో శాస్త్రజ్ఞులు హవాయి భాష నుండి లానియాకియా, అంటే అపారమైన ఆకాశం, అని పేరు తెచ్చుకున్నారు. దాని వ్యాసం సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాలు. అంతటి దానికి ఒక చిన్న దీవుల భాష పేరు ఇవ్వగలిగినప్పుడు, మన గెలాక్సీకి మన బండ్ల బాట పేరు ఉండడం నాకెంతో సంతోషంగా ఉంటుంది.

కందుకూరు ఉపాధ్యాయిని గారు ఆ వాక్యాన్ని ఇలా దిద్దవచ్చు: "విశ్వంలో కోట్లాది గెలాక్సీలు ఉన్నాయి, మనం ఉన్న గెలాక్సీ పేరు పాలపుంత."