బుడమేరు ముంపు: గేట్ల వల్లా, గండ్ల వల్లా, ఆక్రమణల వల్లా?

సింగ్‌నగర్_వాసి:
2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధి బుడమేరు వరదలో మునిగింది. ఏట్లో ఇల్లు కట్టుకుంటే మునగరా అని ఇక్కడ కొందరు రాస్తున్నారు. నాది రిజిస్ట్రేషన్ అయిన స్థలం, ఇంటి పన్ను ఏటా కడుతున్నాను. వెలగలేరులో ఏటికి అడ్డంగా ఉన్న రెగ్యులేటర్ గేట్లు ఎత్తబట్టే మా మీదికి నీళ్లొచ్చాయి.

కొండపల్లి_కుర్రాడు:
గేట్లు కాదండీ, గండ్లు. ఏటి వరదను కృష్ణకు మళ్లించే డైవర్షన్ కాలువ ఎడమ గట్టు మూడు చోట్ల తెగింది. ఆర్మీ కూడా వచ్చి పూడ్చింది.

సింగ్‌నగర్_వాసి:
ముందు గేట్లే ఎత్తారు.

మైలవరం_మాస్టారు:
ఇద్దరూ ఆ ఒక్క రాత్రి దగ్గరే ఆగిపోయారు. మా వైపు కొండల్లో పడ్డ వాన గంటల్లో వెలగలేరుకు దిగుతుంది. అక్కడి నుంచి డైవర్షన్ కాలువ దాన్ని ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్లి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతుంది. పోలవరం కుడి కాలువ నీళ్లూ ఆ దారినే పోతాయి. ఆ వరదలో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణ అంత నిండుగా ఉంటే కాలువ నీళ్లు అందులోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఇక మిగిలేది పాత ఏరు. దాని దారిలో ఇళ్లున్నాయి.

బెజవాడ_బాబు:
2005లోనూ ఇలాగే మునిగాం.

నందివాడ_రైతు:
అందరూ ఊరి దగ్గరే ఆపేస్తారు. పాత బుడమేరు ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా యూటీలోంచి, అంటే సొరంగంలోంచి, దాటి, మా పొలాల మీదుగా కొల్లేరుకు పోతుంది. కొల్లేటి నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. మీ వీధి ఆరాక కూడా మా వరి నీళ్లలోనే ఉంది. నష్టపరిహారం రాయడానికి వచ్చినాయన మా చేలగట్టు కూడా దిగలేదు.

సింగ్‌నగర్_వాసి:
కొల్లేటి నిండా చేపల చెరువుల గట్లే. ముందు అవి కొట్టించండి, తర్వాత మా ఇళ్ల సంగతి మాట్లాడండి.

నందివాడ_రైతు:
నాకు చెరువు లేదయ్యా. గట్లు కొట్టమని నేనూ అంటున్నాను. మీరు మాత్రం అంగుళం కదలరు.

సింగ్‌నగర్_వాసి:
ఎందుకు కదలాలి? ఆక్రమణలు తీస్తామన్న మాట వచ్చినప్పటి నుంచి ఇంట్లో అమ్మకు టెన్షన్‌తో నిద్ర లేదు. లేఔట్ వేసి అమ్మినవాళ్లనీ, అనుమతి ఇచ్చినవాళ్లనీ ఎవరూ అడగరు. ఇదే ఊళ్లో ఇంటికి ఇల్లు ఇస్తే వెళ్తాను. ఉత్త నోటీసుకు వెళ్లను.

మైలవరం_మాస్టారు:
అది న్యాయమే. ఇల్లు ఇచ్చి, ఏటిని వెడల్పు చేయాలి.

నందివాడ_రైతు:
ఇంటికి ఇల్లు ఇవ్వాలి, నేనూ ఒప్పుకుంటాను. కానీ పని కింది నుంచి మొదలవ్వాలి. ముందు ఉప్పుటేరు పూడిక, తర్వాత మా దగ్గర గట్లు, ఆ తర్వాతే ఊరు. ఊళ్లో ముందు వెడల్పు చేస్తే వచ్చే వాననీళ్లన్నీ ఒక్కసారిగా మా మీద పడతాయి.

సింగ్‌నగర్_వాసి:
ఉప్పుటేరు దాకా పూర్తయ్యేసరికి మేం ఇంకెన్నిసార్లు మునగాలి? లక్షల మంది ఉన్న చోటు ముందు బాగుచేయాలి.

నందివాడ_రైతు:
తక్కువ మందిమని మమ్మల్ని ముంచుతారా? ఇంతసేపూ మీరు చెప్పదలచుకున్నది ఇదే. గేట్లూ గండ్లూ కాదు.