మారేడుమిల్లి క్యాంపుకి ఎనిమిదో తరగతి పిల్లని పంపాలా? మీరైతే ఏం చేస్తారు?

పటమట అమ్మ:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి, బెజవాడలోనే స్కూలు. డిసెంబర్లో మారేడుమిల్లికి మూడు రాత్రుల క్యాంపు అని సర్క్యులర్ వచ్చింది. టెంట్లలో పడుకోవడం, కొండెక్కడం, తాళ్ల వంతెన, పొద్దున్నే పక్షుల్ని చూడటం, ఒక పూట వాగు దగ్గర. ఫోన్లు తేకూడదట. మనిషికి ఎనిమిదిన్నర వేలు. సంతకం పెట్టాల్సిన చోట చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది: క్యాంపులో ఏం జరిగినా స్కూలుకి బాధ్యత లేదు అని. మా వారు పెట్టెయ్యమంటున్నారు. మా అత్తగారేమో ఆడపిల్లని అడవికి పంపుతారా అంటున్నారు. పిల్ల రెండ్రోజులుగా నాతో ముభావంగా ఉంది. శుక్రవారంలోగా చెప్పాలి. పంపినవాళ్లు, మానిపించినవాళ్లు, ఇద్దరూ చెప్పండి.

బ్రాడీపేట బాబాయ్:
వద్దమ్మా. 2014 జూన్‌లో హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. రాళ్లమీద నిలబడి ఫొటోలు దిగుతుంటే పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 2024 జనవరిలో వడోదర చెరువులో స్కూలు పిక్నిక్ పడవ బోల్తా పడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. చాలామందికి లైఫ్ జాకెట్లు కూడా లేవు. అదే ఏడాది డిసెంబర్లో మురుడేశ్వర్ సముద్రంలో నలుగురు స్కూలు అమ్మాయిలు. అన్నిచోట్లా వెంట పెద్దవాళ్లు ఉన్నారు, ఉండి ఏం లాభం? సూర్యలంక వెళ్లినా నేను మా మనవళ్లని మోకాళ్ల లోతు దాటనివ్వను. మీ అత్తగారి మాట వినండి.

బెంజ్ సర్కిల్ నాన్న:
బాబాయ్ గారూ, ఒక్క మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. పది పాసవగానే పిల్లల్ని రెండేళ్లు హాస్టల్లో పడేసి వచ్చే ఊళ్లు మనవి. ఒక్కో రూములో ఎంతమంది, బాత్రూములు ఎన్ని, రాత్రి జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఇవి అడిగి ఫీజు కట్టినవాణ్ణి నేను చూడలేదు. నేనూ అడగలేదు, మా పెద్దోణ్ణి అలాగే చేర్పించా. మూడు రాత్రులకి మాత్రం టెన్షన్ పడిపోతున్నాం.

బ్రాడీపేట బాబాయ్:
హాస్టల్‌కి ప్రహరీ గోడ ఉంటుంది నాయనా. అక్కడ వాగు ఉంటుంది.

బెంజ్ సర్కిల్ నాన్న:
గోడ లోపల ఏం జరుగుతుందో మనకి తెలుసా అన్నదే నా ప్రశ్న.

రిటైర్డ్ పీఈటీ, గుంటూరు:
ముప్ఫై ఏళ్లు పిల్లల్ని క్యాంపులకి తిప్పినవాణ్ణి. నేను పంపమనే అంటాను, కానీ బాబాయ్ గారు చెప్పినవన్నీ ఒకసారి మళ్లీ చదవండి. అన్నీ నీళ్లే. పాము కాదు, ఎలుగుబంటి కాదు, కొండమీంచి పడటం కాదు. కాబట్టి స్కూలుకి మీరు వెయ్యాల్సిన మొదటి ప్రశ్న ‘వాగు దగ్గర ఒక పూట’ అంటే ఏంటి అని. ఒడ్డున కూర్చుని అన్నం తినడమా, నీళ్లలోకి దింపడమా? దింపేటట్టయితే ఎంత లోతు, ఎంతమందికి ఒక మాస్టారు, ఆ మాస్టారుకి ఈతొచ్చా? మా స్కూల్లో నేను పెట్టిన రూలు ఒకటే: నీళ్ల దగ్గర పిల్లల్ని జంటలు జంటలుగా కడతాం, విజిల్ వేస్తే ఎవరి జంట చెయ్యి వాళ్లు పట్టుకుని పైకెత్తాలి. ఒంటి చెయ్యి కనబడితే ఒకరు లేరని. పావు గంటకోసారి విజిల్. పిల్లలు విసుక్కునేవాళ్లు. విసుక్కోనీ.

రెండోది పడక. కట్లపాము రాత్రిళ్లు నేలమీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. కరిచినా పెద్దగా నొప్పి తెలియదు, తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం. అడుగుభాగం కుట్టేసి జిప్పు ఉన్న టెంటు అయితే పర్లేదు, లేదంటే మంచాలు అడగండి. విరుగుడు మందు రంపచోడవరం ఆసుపత్రిలో ఉందో లేదో, రాత్రంతా క్యాంపు దగ్గర జీపు ఉంటుందో లేదో స్కూలువాళ్లు ముందే కనుక్కోవాలి. అది ఏజెన్సీ, మలేరియా ఉన్న చోటు. దోమతెర అడగండి. ఇంటికొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే డాక్టరుకి మారేడుమిల్లి వెళ్లొచ్చిందని మొదటే చెప్పండి. ఇక్కడ ఊళ్లో డాక్టర్లకి ఆ అనుమానం వెంటనే రాదు.

ఇంత చెప్పి కూడా పంపమని ఎందుకంటున్నానంటే... ఒకసారి కొండవీడు తీసుకెళ్లాం. పొద్దున టిఫిన్‌లో ఉడికించిన గుడ్లు ఇచ్చాం. తొమ్మిదో తరగతి కుర్రాడు, మంచి ర్యాంకు వచ్చే పిల్లాడు, గుడ్డు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వేడిగా ఉందేమో అనుకున్నా. దగ్గరికెళ్తే చిన్నగా అడిగాడు, ‘సార్, ఇది ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి’ అని. ఇంట్లో వాళ్లమ్మ ఒలిచి పెడుతుందట. పక్కనున్న అమ్మాయి నేలమీద తట్టి చూపించింది. రెండో గుడ్డు వాడే ఒలుచుకున్నాడు, సగం తెల్లసొన పెంకుతోనే పోయిందనుకోండి.

గుణదల నుంచి:
అందరూ పంపాలా వద్దా అంటున్నారు. పంపలేనివాళ్ల సంగతో? మా వాడిదీ అలాంటి క్యాంపే. ఎనిమిదిన్నర వేలంటే నాకు నెలలో సగం. క్లాసులో 11 మంది వెళ్లలేదు. ఆ మూడ్రోజులూ వీళ్లని స్కూలుకి రమ్మని లైబ్రరీలో కూర్చోబెట్టారు. తిరిగొచ్చాక నెలంతా క్లాసులో ఆ క్యాంపు కబుర్లే. మా వాడు ఇంటికొచ్చి ‘నాకు అలాంటివి ఇష్టం లేదు నాన్నా’ అన్నాడు. ఇష్టం లేకపోతే చొక్కాలు సర్దుకుని వారం ముందే సంచి ఎందుకు రెడీ చేసుకుంటాడండీ?

రిటైర్డ్ పీఈటీ, గుంటూరు:
ఈ మాట చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. స్కౌట్స్‌కి మూలమైన మొదటి క్యాంపు బేడెన్ పావెల్ 1907లో బ్రౌన్‌సీ దీవిలో పెట్టాడు. ఇరవై మంది దాకా పిల్లలు. పెద్దింటి బడుల పిల్లల్నీ, పనిచేసుకు బతికే ఇళ్ల పిల్లల్నీ కావాలనే కలిపి తీసుకెళ్లాడు. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ ప్రభుత్వ గురుకులం పిల్ల, కూలి పనుల ఇల్లు. మొదట నేర్చుకుంది భువనగిరి రాతి కొండమీద. ఇంత డబ్బు ఎందుకవుతోందని స్కూలుని అడగాలి. కొండపల్లి అడవి ఉంది, కోట ఉంది. ఉప్పలపాడు చెరువులో గూడబాతులు చెట్లు విరిగేలా కూర్చుంటాయి. ఆర్టీసీ బస్సు, ఇంటి నుంచి పులిహోర, సరిపోతుంది. జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా అని రాసే ఉంది.

కోర్టు సెంటర్ లాయర్:
ఆ చిన్న అక్షరాల గురించి ఎవరూ మాట్లాడలేదు. 1995లో పఠాన్‌కోట్ దగ్గరి ఒక స్కూలు పిల్లలు బియాస్ ఒడ్డుకి పిక్నిక్ వెళ్లి 14 మంది మునిగిపోయారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పిల్లలు తమ చేతిలో ఉన్నంతసేపు జాగ్రత్తగా చూసుకునే బాధ్యత స్కూలుదే, టీచర్ల నిర్లక్ష్యానికి యాజమాన్యమూ జవాబు చెప్పాలి అని 2001లో తీర్పు. ఒక్కో కుటుంబానికి 5 లక్షల పరిహారం ఖాయం చేశారు. మీరు సంతకం పెట్టినంత మాత్రాన ఆ బాధ్యత ఎగిరిపోదు. అయినా నేనైతే ఆ లైను కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేసి, ఫొటో తీసుకుని ఇస్తాను. స్కూలు ఒప్పుకోకపోతే ఎందుకో రాసిమ్మనండి. సాధారణంగా రాసివ్వరు, ఒప్పుకుంటారు.

ఇంటర్ సెకండియర్:
ఆంటీ, నేను ఎనిమిదిలో వెళ్లాను. మీటింగ్‌లో ఎవరూ అడగని విషయం చెప్తాను. నాకు రెండో రోజు పీరియడ్ వచ్చింది. వెంట వచ్చిన మేడమ్ ఒక్కరే, ఆవిడ ముందు బ్యాచ్‌తో కొండమీద ఉన్నారు. కింద అందరూ సార్లే. ప్యాడ్ అడగడానికి రెండు గంటలు ఎదురుచూశాను, కడుపునొప్పి అని మాత్రం చెప్పాను. సార్ పాపం గ్యాస్ అనుకుని సోడా తెప్పించారు. టాయిలెట్ తలుపుకి గడియ లేదు, ఫ్రెండ్ బయట కాపలా. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు రాలేదు. ఎంతమంది మేడమ్‌లు వస్తున్నారో అడగండి. ఫోన్ లేకపోవడం మొదటి రాత్రి ఒక్కటే కష్టం. మళ్లీ వెళ్తావా అంటే, వెళ్తా. బొంగు చికెన్ కోసమైనా.

పటమట అమ్మ:
అందరికీ థ్యాంక్స్ అండీ. ఇవాళ స్కూలుకి వెళ్లొచ్చా. పీఈటీ గారి ప్రశ్నలన్నీ కాగితంమీద రాసుకుని వెళ్లా. వాగు అంటే ‘జస్ట్ ఫొటోలకి’ అన్నారు. బాబాయ్ గారి బియాస్ మాట చెప్పేసరికి కాస్త తడబడి, ఆ పూట బదులు ఊళ్లో వెదురు పని చూపిస్తామన్నారు. అది కాగితంమీద రాసిమ్మన్నా, రేపు పంపుతామన్నారు. మేడమ్‌లు ఒక్కరే అని తేలింది. ఇంకొకరు రాకపోతే అమ్మాయిల్లో సగం మంది రారని నేనూ, ఇంకో ఇద్దరు తల్లులూ గట్టిగా చెప్పాం. దోమతెరలు మనమే పంపాలట. గుణదల అన్నగారి మాట కూడా ఎత్తా. ఫీజు కట్టలేనివాళ్ల పేర్లు ఇస్తే చూద్దామన్నారు. పేర్లు ఇవ్వడమేంటండీ, పిల్లలకి ఎంత చిన్నతనం? అందరి దగ్గరా తలో వెయ్యి ఎక్కువ తీసుకుని పేర్లు లేకుండా సర్దమన్నా. ఆలోచిస్తామన్నారు. అంటే చెయ్యరని నా అనుమానం.

బ్రాడీపేట బాబాయ్:
అయితే పంపుతున్నావా తల్లీ?

పటమట అమ్మ:
ఆ రెండు సంగతులూ కాగితంమీద వస్తే పంపుతా బాబాయ్ గారూ, రాకపోతే లేదు. పిల్లకి కూడా అదే చెప్పా. మాట్లాడింది చివరికి. ఇప్పుడు వంటింట్లో కోడిగుడ్లు ఉడకబెడుతోంది, ఒలవడం ప్రాక్టీసట. నాలుగు పాడుచేసింది.