బానిసత్వమా, బానిసత్వ విస్తరణా? అమెరికా అంతర్యుద్ధంపై ఒక చర్చ

ప్లేనో నాన్న:

మా అమ్మాయి డల్లాస్ దగ్గర ఒక బడిలో ఎనిమిదో తరగతి చదువుతోంది. టెక్సాస్ రాష్ట్ర విద్యామండలి 2010లో ఆమోదించిన పాఠ్య ప్రమాణాల్లో, 1861-65లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధానికి కారణాలుగా ప్రాంతీయ వైరం, రాష్ట్రాల హక్కులు, బానిసత్వం అనే మూడింటినీ ఒకే వరుసలో పేర్కొన్నారు. దానిమీద చాలా విమర్శ వచ్చాక 2018లో ఆ వాక్యాన్ని మార్చి, యుద్ధానికే కాక ప్రాంతీయ వైరానికి, రాష్ట్రాల హక్కుల తగాదాకు కూడా కారణమైనవాటిలో బానిసత్వ విస్తరణదే కేంద్ర స్థానమని రాశారు. మా అమ్మాయి అడిగింది ఇదే: “బానిసత్వం అంటే సరిపోయేదానికి విస్తరణ అనే మాట ఎందుకు చేర్చారు?” తెలుగు మాధ్యమంలో నేను చదివిన పాఠంలో అధ్యక్షుడు లింకన్ బానిసలను విడిపించడానికి యుద్ధం చేశాడని ఒక్క పేరాలో ముగించారు గనుక నా దగ్గర జవాబు లేకపోయింది. పెద్దలు చెప్పగలరా?

పాత అట్లాసు:

ఆ మాట అక్కడ ఉండవలసిందేనని నా అభిప్రాయం, దానికి కారణం అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. ఒక రాష్ట్రంలో అప్పటికే ఉన్న బానిసత్వాన్ని కేంద్రం ముట్టుకోజాలదని ఉత్తరాది, దక్షిణాది నాయకుల్లో దాదాపు అందరూ ఒప్పుకున్నారు. వర్జీనియాలో బానిసత్వం తప్పా ఒప్పా అని వాషింగ్టన్‌లో ఎంత వాదించుకున్నా, దానిమీద చట్టం చేసే దారి లేదు. కాని రాష్ట్ర హోదా ఇంకా రాని భూభాగాలు, వాళ్లు టెరిటరీలు అనేవి, కేంద్రం చేతిలో ఉండేవి. అందువల్ల దేశం పడమటికి పెరిగిన ప్రతిసారీ ఆ కొత్త నేలమీద బానిసలను ఉంచుకోవచ్చా లేదా అన్నది తేల్చక తప్పేది కాదు.

ఆనాటి పటాలు వరుసగా పరచి చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది. 1787లో ఒహాయో నదికి ఉత్తరాన బానిసత్వాన్ని నిషేధించినప్పుడు పెద్దగా గొడవ లేదు. 1803లో ఫ్రాన్సు నుంచి లూయిసియానాను కోటీ 50 లక్షల డాలర్లకు కొన్న తరువాత దేశ విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది. అందులోంచి మిస్సోరీ 1819లో రాష్ట్ర హోదా అడిగేసరికి బానిసత్వం ఉన్న రాష్ట్రాలు 11, లేనివి 11గా, ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు సభ్యులుండే సెనేట్ సరిసమానంగా ఉంది. 1820లో మిస్సోరీకి జతగా బానిసత్వం లేని మెయిన్‌ను చేర్చుకుని, లూయిసియానా భూమిలో మిగిలినచోట 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదని గీత గీశారు. ముసలితనంలో ఉన్న మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ ఆ వివాదాన్ని రాత్రివేళ మోగిన అగ్నిప్రమాద ఘంటతో పోలుస్తూ ఒక ఉత్తరం రాశాడు.

ఆ గీతతో పాతికేళ్లు గడిచాయి. ఆ తరువాత 1845లో టెక్సాస్ విలీనం, 1846లో మెక్సికోతో యుద్ధం వచ్చాయి. ఆ యుద్ధంలో గెలుచుకునే నేలమీద బానిసత్వం ఉండరాదని పెన్సిల్వేనియా సభ్యుడు డేవిడ్ విల్మాట్ తెచ్చిన ప్రతిపాదన ప్రతినిధుల సభలో నెగ్గి, సెనేట్‌లో ఆగిపోయింది. అది నెగ్గిందా ఓడిందా అన్నదానికంటే, పార్టీలవారీగా పడవలసిన ఓట్లు ప్రాంతాలవారీగా చీలడం పెద్ద సంగతి. 1850లో కాలిఫోర్నియా చేరాక బానిసత్వం లేని రాష్ట్రాలు 16, ఉన్నవి 15 అయ్యాయి; ఆ తూకం మళ్లీ ఎన్నడూ సరిపడలేదు.

సందేహి:

అట్లాసు గారి వరుస బాగుంది గాని, పటంలో కనిపించనిది జనాభా లెక్కల్లో ఉంది. ఇంత రభసకు కారణమైన భూభాగాల్లో 1860 జనాభా లెక్కల ప్రకారం బానిసలు యూటాలో 29 మంది, నెబ్రాస్కాలో 15 మంది, కాన్సస్‌లో ఇద్దరు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బానిసలే లేని నేలమీద బానిసత్వం గురించి పదిహేనేళ్లు తన్నుకున్నారు. పత్తి పండని ఎడారుల్లోకి ఆ వ్యవస్థ ఎలాగూ పోదని, న్యూ మెక్సికోలో దాన్ని ప్రకృతే నిషేధించిందని, డేనియల్ వెబ్‌స్టర్ 1850 మార్చిలోనే సెనేట్‌లో చెప్పాడు.

పైగా ఇల్లినాయ్ సెనేటర్ డగ్లస్ 1854లో, ఆ రెండు భూభాగాల్లో బానిసత్వం సంగతిని అక్కడి జనం ఓటుకే వదిలేసే కాన్సస్-నెబ్రాస్కా చట్టం తెచ్చింది బానిసత్వం మీద ప్రేమతో కాదు. పసిఫిక్ తీరానికి వేసే రైలుమార్గం షికాగో మీదుగా పోవాలంటే ఆ ప్రాంతంలో పాలనా వ్యవస్థ ఏర్పడాలి, అందుకు దక్షిణాది ఓట్లు కావాలి, వాళ్లు అడిగిన వెల 1820 నాటి గీతను చెరిపెయ్యడం. ఒక రైలు పట్టా కోసం చేసిన బేరం విగ్ పార్టీని చంపి, లింకన్ చేరిన రిపబ్లికన్ పార్టీని పుట్టించింది. కాబట్టి యుద్ధం అనివార్యమేమీ కాదనీ, ముందుచూపు లేని రాజకీయం దాన్ని తెచ్చిపెట్టిందనీ నేను అంటాను.

గోదావరి గట్టు:

మీరిద్దరూ నేలను చూస్తున్నారు, మనుషులను చూడండి. 1860 నాటికి బానిసలు దాదాపు 40 లక్షల మంది, వారి వెల 300 కోట్ల డాలర్లకు పైగా ఉంటుందని ఆర్థిక చరిత్రకారుల అంచనా. దేశంలోని రైలుమార్గాలు, కర్మాగారాలు అన్నీ కలిపినా అంత పెట్టుబడి లేదు. అంత ఆస్తిని తప్పు అనే ప్రభుత్వం రావడమే యజమానులు భరించలేని సంగతి.

1850లో కాలిఫోర్నియాను చేర్చుకున్నప్పుడు కుదిరిన రాజీలో భాగమైన పరారైన బానిసల చట్టానికి, కొత్త భూభాగాలకు ఏ సంబంధమూ లేదు. దాని ప్రకారం పట్టుబడిన మనిషికి సాక్ష్యం చెప్పుకునే హక్కు గాని, జ్యూరీ గాని లేవు. అతన్ని యజమానికి అప్పగిస్తే, కేసు తేల్చే కమిషనర్‌కు 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు రుసుము. డగ్లస్ చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేసిన వారంలోనే, వర్జీనియా నుంచి పారిపోయి వచ్చిన ఆంథొనీ బర్న్స్‌ను బోస్టన్ వీధుల్లో సైనికుల కాపలా మధ్య ఓడ దగ్గరికి నడిపించుకుపోయారు. అంతవరకు పట్టించుకోని ఊరివాళ్లు ఎందరో ఆ దృశ్యం చూసి మారిపోయారు. యుద్ధాన్ని దగ్గరకు తెచ్చినవాళ్లలో పారిపోయిన బానిసలు కూడా ఉన్నారు. రాజకీయ నాయకుల బేరాలే చరిత్ర అనుకుంటే వీళ్లు కనిపించరు.

1860లో లింకన్ అధ్యక్షుడిగా గెలిచాక దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల మాటలే వినండి. సౌత్ కరొలైనా 1860 డిసెంబరులో, తాను ఎందుకు విడిపోతోందో చెబుతూ ఇచ్చిన ప్రకటన ఎక్కువ భాగం, ఉత్తరాది రాష్ట్రాలు పరారైన బానిసలను తిప్పి పంపడం లేదన్న ఫిర్యాదే. రాష్ట్రాల హక్కుల కోసం పోరాడామని తరువాత చెప్పుకున్నవాళ్లు ఆరోజు నిజానికి ఉత్తరాది రాష్ట్రాలు తమ హక్కులు వాడుకోవడం మీదే మండిపడ్డారు. మిసిసిపీ అయితే తమ స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని మొదటి మాటల్లోనే రాసుకుంది. ‘విస్తరణ’ అనే మాట పాఠ్య ప్రమాణాల్లోకి రావడం, అసలు మాట ఘాటు తగ్గించడానికేనని నా అనుమానం.

పాత అట్లాసు:

గోదావరి గట్టు గారు మిసిసిపీ ప్రకటనను ఇంకొన్ని వాక్యాలు చదవాలని నా మనవి. కొత్త బానిస రాష్ట్రాలను ఉత్తరాది చేరనివ్వడం లేదని, బానిసత్వాన్ని ఇప్పుడున్న హద్దుల్లోనే బంధించి, విస్తరించే శక్తి దానికి లేకుండా చేసి అంతం చెయ్యాలని చూస్తోందని అందులోనే ఉంది. బంధిస్తే చస్తుందని వాళ్లే నమ్మారు, లింకన్ కూడా అదే నమ్మాడు. అలాంటప్పుడు బానిసత్వం, దాని విస్తరణ అనేవి రెండు కారణాలు ఎలా అవుతాయి?

సందేహి గారి సోమలింగం సామెతకు నా జవాబు ఒకటే: పిల్లవాడు పుట్టకముందే వాళ్లు ఆస్తి దస్తావేజు రాయించుకోబోయారు. కాన్సస్‌లో 1855 ఫిబ్రవరి లెక్కల ప్రకారం ఓటర్లు 2,905 మంది. మార్చి ఎన్నికలో 6,300 పైచిలుకు ఓట్లు పడ్డాయి, ఎందుకంటే పొరుగున ఉన్న మిస్సోరీ నుంచి వేలమంది తుపాకులతో సరిహద్దు దాటివచ్చి ఓటేసి వెళ్లారు. ఆ దొంగ ఓట్లతో ఏర్పడిన శాసనసభే బానిసత్వాన్ని చట్టబద్ధం చేసింది. 1856 మే 21న బానిసత్వం కోరేవాళ్లు, దాని వ్యతిరేకులు ఉండే లారెన్స్ పట్టణాన్ని దోచుకున్నారు. మరునాడు సెనేట్‌లోనే, కాన్సస్ దౌర్జన్యాలను ఖండిస్తూ ప్రసంగించిన సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను సౌత్ కరొలైనా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో స్పృహ తప్పేదాకా కొట్టాడు. 24 రాత్రి కాన్సస్‌లోని పొటావటమీ వాగు దగ్గర, బానిసత్వాన్ని ద్వేషించే జాన్ బ్రౌన్ బృందం అవతలి పక్షంవాళ్లు ఐదుగురిని నరికి చంపింది. నాలుగు రోజుల్లో జరిగిన ఈ మూడింటినీ కలిపే దారం కాన్సస్ ఒక్కటే. కాన్సస్‌లో ఇద్దరే బానిసలు మిగిలారంటే, అది ప్రకృతి నిషేధించినందువల్ల కాదు, అక్కడి జనం పోరాడి ఆపినందువల్ల.

ప్రకృతి హద్దుల వాదానికి ప్లేనో నాన్న గారు ఉంటున్న నేలే జవాబు. టెక్సాస్‌లో 1850లో 58,161 మంది బానిసలుండగా 1860కి 1,82,566 మంది అయ్యారు. పదేళ్లలో మూడు రెట్లకు పైగా పెరిగిన వ్యవస్థను, దానంతట అదే ఆగిపోతుందని ఎవరు నమ్మగలరు?

ఇంకొక్క ఆధారం చెబుతాను, నా వాదన మొత్తం దీనిమీదే నిలబడుతుంది. 1860-61 చలికాలంలో యుద్ధం తప్పించడానికి రెండు ప్రతిపాదనలు వచ్చాయి. రాష్ట్రాల్లో ఉన్న బానిసత్వాన్ని కేంద్రం ఎన్నటికీ ముట్టుకోకుండా రాజ్యాంగాన్ని సవరించాలన్నది మొదటిది. దానికి తనకు అభ్యంతరం లేదని లింకన్ పదవీ స్వీకార ప్రసంగంలోనే చెప్పాడు. 36 డిగ్రీల 30 నిమిషాల గీతను పసిఫిక్ దాకా పొడిగించి, దానికి దక్షిణాన ఇప్పుడున్న భూభాగాల్లోనూ ఇకముందు సంపాదించే వాటిలోనూ బానిసత్వాన్ని కాపాడాలన్నది సెనేటర్ క్రిటెండెన్ తెచ్చిన రెండోది. దీన్ని మాత్రం ఒప్పుకోవద్దని లింకన్ తన పార్టీవాళ్లకు ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. ఒప్పుకుంటే ఏడాది తిరగకుండా, సమాఖ్యలో ఉండాలంటే క్యూబాను తెచ్చిపెట్టమంటారని ఒక ఉత్తరంలో అన్నాడు. స్పెయిన్ అమ్మకపోతే క్యూబాను బలవంతంగా తీసుకోవచ్చని 1854లోనే అమెరికా రాయబారులు ముగ్గురు ఒక పత్రం రాశారు గనుక ఆ భయం ఊహ కాదు. బానిసత్వం ఉన్నచోట ఉండడానికి ఇరుపక్షాలూ రాజీకి వచ్చేవే, పెరగడం దగ్గరే మాట తెగింది.

సందేహి:

టెక్సాస్ అంకెలకు నేను తల వంచుతున్నాను. 1,82,566 ముందు నా 46 నిలబడదు. క్రిటెండెన్ ప్రతిపాదన సంగతీ ఒప్పుకుంటాను. కాని ఒకటి మాత్రం విడిచిపెట్టను. విస్తరణను అడ్డుకున్నవాళ్లందరూ బానిసల మేలు కోరినవాళ్లు కారు. విల్మాట్ తన ప్రతిపాదన శ్వేతజాతి శ్రమజీవి కోసమేనని బాహాటంగా చెప్పాడు. కాన్సస్‌లో బానిసత్వాన్ని వ్యతిరేకించిన వర్గం 1855లో తమ రాజ్యాంగం రాసుకున్నప్పుడు, నల్లవారెవరూ అక్కడ అడుగుపెట్టరాదన్న నిబంధనకు కూడా ఓటేసింది. ఆరెగాన్ 1859లో బానిసత్వం లేని రాష్ట్రంగానే చేరింది, కాని నల్లవారు వచ్చి స్థిరపడడాన్ని నిషేధించే రాజ్యాంగంతో చేరింది. పాఠంలో ‘బానిసత్వ విస్తరణ’ అని రాసి ఊరుకుంటే, దాన్ని అడ్డుకున్న ఉత్తరాది అంతా ధర్మపక్షం అనిపిస్తుంది. నాకున్న అభ్యంతరం ఇప్పుడు అంతే.

పాత అట్లాసు:

ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయితే 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన దావాలో సుప్రీం కోర్టు తీర్పు వచ్చి, ఏ భూభాగంలోనూ బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, లేదని చెప్పాక, నేల కోసం వ్యతిరేకించినవాళ్లూ ధర్మం కోసం వ్యతిరేకించినవాళ్లూ రిపబ్లికన్లుగా ఒకే పార్టీలో నిలబడవలసి వచ్చింది. పదింట దాదాపు నాలుగు ఓట్లతో లింకన్ గెలిచింది ఆ కలగలుపు వల్లే.

ప్లేనో నాన్న:

అందరికీ ధన్యవాదాలు. మిసిసిపీ ప్రకటనలోని వాక్యం మా అమ్మాయికి చదివి వినిపించాను. ఆమె మాత్రం ఇంకోటి అడిగింది: “పదేళ్లలో టెక్సాస్‌కు లక్షా ఇరవై వేలమంది ఎక్కడినుంచి వచ్చారు? 1808 నుంచే ఆఫ్రికా నుంచి తేవడం నిషేధం కదా?”

గోదావరి గట్టు:

అమ్మాయికి నా ఆశీస్సులు. కొందరు అక్కడే పుట్టారు, దొంగచాటుగా తెచ్చినవాళ్లూ కొద్దిమంది ఉన్నారు, కాని ఎక్కువమంది వచ్చింది తూర్పు నుంచే. పొగాకు సాగుతో నేల సారం తగ్గిపోయిన వర్జీనియా, మేరీలాండ్ వంటి పాత రాష్ట్రాల్లో యజమానులకు మనుషులను అమ్ముకోవడమే రాబడి అయింది. రిచ్‌మండ్ సంతలో కొని, కొందరిని ఓడల్లోనూ, కొందరిని ఇద్దరిద్దరికి సంకెళ్లు వేసి వందల మైళ్లు నడిపించీ న్యూ ఆర్లియన్స్ దాకా తీసుకుపోయేవారు. యుద్ధానికి ముందు ఏడు దశాబ్దాల్లో ఇలా కదిలించినవాళ్లు దాదాపు 10 లక్షల మందని అంచనా. పడమటి నేల తెరుచుకుంటే వర్జీనియాలో మనిషి వెల పెరుగుతుంది, మూసుకుంటే పడిపోతుంది. పత్తి పండించని రాష్ట్రాలకు కూడా విస్తరణ మీద అంత పట్టుదల ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. ఈ సంగతి రాస్తూ ఉంటే, అట్లాసు గారి మాట మొదట నేను తేలిగ్గా తీసుకున్నానని నాకే అనిపిస్తోంది.

సెనేట్‌లో తూకంగా లెక్కపెట్టిన విస్తరణ అంటే, అమ్ముడుపోయిన మనిషికి తల్లి ఒకచోట, తాను ఒకచోట కావడం. యుద్ధం ముగిశాక ఎన్నో ఏళ్లపాటు నల్లవారి పత్రికల్లో, చర్చి పత్రికల్లో మనుషుల కోసం వెతుకులాట ప్రకటనలు వచ్చాయి. తన పేరు, పాత యజమాని పేరు, తనను అమ్మిన ఊరు, చివరిసారి చూసిన తల్లి పేరు, అన్నదమ్ముల పేర్లు రాసి, తెలిసినవాళ్లు కబురు పంపండని అడిగేవారు. వాటిలో టెక్సాస్ చిరునామాతో వచ్చినవి చాలా ఉన్నాయి. వాటి ప్రతులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, అమ్మాయికి చూపించండి.